ఆదివారం కాగితం కప్పులు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. ఇది నా తప్పు కాదు, వంశపారంపర్యం. మా నాన్నకు వీధి చివర పాము కనిపిస్తే, ఆయన ఇంటికొచ్చి చెప్పేసరికి దానికి మీసాలు మొలిచేవి. మా ఆవిడ పెళ్లైన కొత్తలోనే ఈ సంగతి గ్రహించి, నేను ఏ అంకె చెప్పినా నాలుగుతో భాగించి పుచ్చుకుంటోంది. ఆఫీసులో మేనేజరుకు ఇంకా ఈ సూత్రం అందలేదు కనుక ఉద్యోగం నిలబడి ఉంది. చదివేవాళ్లు ఎవరి ఓపికను బట్టి వాళ్లు భాగహారం చేసుకోవచ్చు. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించింది ఒక్కటే ఉంది, అదేమిటో చివర్లో నేనే చెబుతాను.

అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లు ఎంతమంది అంటే, ఫైర్ అలారం మోగి అందరూ బయటికొస్తే, అందులో ముప్పాతిక మంది చేతుల్లో పోపు గరిటెలుంటాయి. అలారం మోగింది కూడా ఆ పోపుల వల్లే. మిగతా పాతిక మంది లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని, చెవిలో మీటింగ్ పెట్టుకుని, మంటల్లోంచి వచ్చినా మ్యూట్ మాత్రం తియ్యరు. ఇంతమందిమి ఉన్నాక సాహిత్యం లేకపోతే ఎలాగ? అందుకని నెలకో ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ వెనక గదిలో ఒక సమావేశం పెట్టుకుంటాం. హాస్యం నా వంతు. ఆ రోజు నాకు ముందు మాట్లాడిన పెద్దమనిషి ప్రబంధాల్లో చంద్రోదయ వర్ణనల మీద గంటంపావు ప్రసంగించాడు. ఆ గంటంపావులో చంద్రుడు ఉదయించాడు, నడినెత్తికొచ్చాడు, అస్తమించాడు, సమోసాలు చల్లారిపోయాయి.

ఇక నా విషయం. అమెరికా ప్రభుత్వం మనుషుల మనసుల్ని గుప్పిట్లో పెట్టుకోవాలని ఒకప్పుడు రహస్యంగా చేసిన ప్రయోగాలు. ఇది నా బుర్రలోంచి వచ్చింది కాదు. ప్రభుత్వమే తర్వాతెప్పుడో విడుదల చేసిన కాగితాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, సగం వాక్యాలకు నల్లరంగు పూసి. అవి చదువుతుంటే పెంచి చెప్పే నా విద్య మీద నాకే సిగ్గేసింది. శత్రుదేశం దగ్గర మనసును మార్చే మందేదో ఉందని వీళ్లకు అనుమానం. నిజంగా ఉందో లేదో తెలియదు. పక్కింటివాళ్లు ఎలక్ట్రిక్ కారు కొన్నారని మనమూ కొన్నట్టు, వీళ్లూ మొదలుపెట్టారు. గూఢచారులు తమ తోటి ఉద్యోగుల గ్లాసుల్లోనే, వాళ్లకు చెప్పకుండా, భ్రాంతి పుట్టించే మందు కలిపారు. ఖైదీలకిచ్చారు. ఆసుపత్రుల్లో రోగులకిచ్చారు. దారినపోయేవాళ్లను గదికి రప్పించి, తాగించి, అద్దం వెనక కూర్చుని తమాషా చూశారు. గ్లాసులో పొడి ఎలా జారవిడవాలో నేర్పడానికి ఒక ఇంద్రజాలికుణ్ణి కూడా కుదుర్చుకున్నారు. గుట్టు బయటపడే వేళకు కాగితాలన్నీ నాశనం చేయమని హుకుం. ఎక్కడో వేరేచోట పడి ఉన్న కొన్ని పెట్టెల సంగతి మాత్రం మర్చిపోయారు. జగత్తు మనసునంతా ఏలుదామనుకున్నవాళ్లకు తమ సామాను ఎక్కడ పెట్టారో గుర్తులేదు. మనకీవేళ తెలిసినదాంట్లో చాలా భాగం ఆ మతిమరుపు పుణ్యమే.

“ఇంత అవస్థ ఎందుకండీ?” అన్నాను సభతో. “మందొద్దు, అద్దమొద్దు. మనిషికో వీసా ఇచ్చి, దాన్ని ఒక మేనేజరు సంతకానికి కట్టేస్తే సరిపోయేది. శనివారం రమ్మంటే వస్తాడు. ఎలా ఉన్నావంటే ఎక్సైటెడ్‌గా ఉన్నానంటాడు. గాఢనిద్రలో లేపి అడిగినా గ్రీన్ కార్డు క్యూలో తన ప్రయారిటీ డేట్ చెబుతాడు, పెళ్లిరోజు మాత్రం చెప్పలేడు. ఆ ప్రయోగం ఆగిపోయిందని ఎవరన్నారు? మన మీద జయప్రదంగా నడుస్తోంది.”

గది విరగబడి నవ్వింది. లైబ్రరీ పైకప్పు రెండంగుళాలు లేచి కూర్చుంది. కింద పిల్లల విభాగంలోంచి ఒకావిడ వచ్చి, ఏమన్నా ప్రమాదం జరిగిందా అని అడిగింది.

నవ్వనిది ఒక్కరే, మొదటి వరసలో కూర్చున్న డాక్టర్‌గారు. ఎనభై దాటాయి. పందొమ్మిది వందల అరవైల చివర్లో గుంటూరు నుంచి వచ్చి, నలభై ఏళ్లు సైకియాట్రిస్టుగా చేసి, రిటైరై మా పక్క వీధిలో చిన్న ఇంట్లో ఉంటున్నారు. చూపు బాగా తగ్గింది. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు, అక్షరాలు అసలే తెలియవు. మా వాళ్లంతా మోకాలినొప్పికీ, గ్యాసుకీ, జుట్టు ఊడటానికీ ఆయన సలహానే అడుగుతారు. ఆయన కూడా పాపం ఎవర్నీ చిన్నబుచ్చక, మంచినీళ్లు బాగా తాగమంటారు.

సమోసాల బల్ల దగ్గర నా గొంతు పట్టి నన్ను గుర్తుపట్టారు.

“ఏమయ్యా, నువ్వు చెప్పినదాంట్లో నిజమెంత?”

“వీసా సంగతి నా పైత్యం సార్. మిగతాదంతా నిజమే.”

“ఆసుపత్రుల్లో ఇచ్చారన్నావు. ఏ ఆసుపత్రుల్లో?”

“అన్ని పేర్లూ బయటికి రాలేదు సార్. కాగితాలు పోయాయి కదా.”

ఆయన చేతిలో సమోసా అలాగే ఉంది. “రేపు పొద్దున వాకింగ్‌కి రా,” అన్నారు.

మా చెరువు చుట్టూ సిమెంటు బాట ఉంది. ఆ బాట మీద హక్కు మాది కాదు, కెనడా బాతులది. ఒక్కొక్కటి మేకపోతంత ఉంటుంది. వీసా లేదు, స్పాన్సర్ లేడు, అయినా దారికడ్డంగా నిలబడి మా వంక చూసే చూపులో ఏ బెరుకూ ఉండదు. వాటికి దారి ఇచ్చుకుంటూ మేమిద్దరం గడ్డిలో నడుస్తుంటే డాక్టర్‌గారు చెప్పడం మొదలుపెట్టారు.

వచ్చిన కొత్తలో ఆయన పక్క రాష్ట్రంలో ఒక సర్కారు మానసిక ఆసుపత్రిలో రెసిడెంటు, అంటే ఇంకా శిక్షణలో ఉన్న డాక్టరు. ఈ దేశంలో పుట్టిన డాక్టర్లెవరూ అక్కడికి రామంటే, మనవాళ్లతోనూ ఫిలిప్పీన్స్ వాళ్లతోనూ నింపారట. ఆయన మీద ఒక చీఫ్. మామూలు మందులు నర్సులే ఇచ్చేవారు. ఆదివారం పొద్దున మాత్రం చీఫ్ ఒక ట్రే తెచ్చి, ఇది నువ్వే స్వయంగా ఇవ్వాలని ఈయన చేతిలో పెట్టి చర్చికి వెళ్లేవాడు. ట్రేలో చిన్న చిన్న కాగితం కప్పులు. కప్పు మీద రోగి నంబరు తప్ప మందు పేరు ఉండేది కాదు.

“ఏమిటని మీరు అడగలేదా సార్?”

“నా లైసెన్సు కాగితం మీద సంతకం ఆయనది. వీసా కాగితం మీద సంతకం ఆయనది. ఎస్ డాక్టర్ అన్నాను. నిన్న నువ్వు అదే చెప్పి జనాన్ని నవ్వించావుగా.”

ఎదురొచ్చిన బాతుకు దారి ఇచ్చి, మళ్లీ ఆయన పక్కకు చేరాను. 

ఆ వార్డులో ఒక రోగి ఉండేవాడట, పూర్వాశ్రమంలో బస్సు డ్రైవరు. రోజంతా కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, లేని స్టీరింగ్ తిప్పుతూ, తన రూట్లో స్టాపులన్నీ వరసగా అరిచేవాడు. నడవలో ఎవరు పోతున్నా ఎక్కమనేవాడు. వచ్చీరాని ఇంగ్లీషుతో భయపడుతున్న ఈ కుర్ర డాక్టరును రోజూ ఎక్కించుకుని, దింపేటప్పుడు జాగ్రత్త చెప్పేవాడు. ఆదివారం కప్పులు మొదలైన మూడో వారానికి అతను స్టాపులు చెప్పడం మానేశాడు. తర్వాత స్టీరింగ్ తిప్పడం మానేశాడు. తర్వాత కుర్చీలో కూర్చోబెడితే కూర్చునేవాడు, అంతే. చీఫ్ చాలా సంతోషించాడు. కేస్‌షీట్‌లో ఇంప్రూవ్డ్ అని రాసింది డాక్టర్‌గారే, సొంత దస్తూరీతో.

“అది వాళ్ల ప్రయోగమా, మామూలు మందేనా, నాకు తెలియాలి,” అన్నారు. “మా అమ్మాయి కూడా సైకియాట్రిస్టే, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో. నన్ను చూసి చదివింది. తన దగ్గర నేర్చుకునేవాళ్లకి మా నాన్న ఇలా చేసేవాడు, అలా చేసేవాడు అని చెబుతుందట. దానికి ఏం చెప్పాలన్నా ముందు నాకు తెలియాలి కదయ్యా.”

ఈ దేశంలో ప్రభుత్వాన్ని కాగితాలు అడిగే హక్కు ఉంది. ఉత్తరం రాస్తే వాళ్లు వెతికి జవాబివ్వాలి. ఆ ఉత్తరం నేను రాయాలన్నారు డాక్టర్‌గారు. ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ ఆయన భార్యే చదివి వినిపిస్తుంది కనుక, జవాబు నా అడ్రసుకు రావాలన్నారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. నా గ్రీన్ కార్డు అప్లికేషన్ పదకొండేళ్లుగా క్యూలో ఉంది. అలాంటి మనిషి ఏం చేస్తాడు? ఖాళీ రోడ్డు మీద కూడా ఇండికేటర్ వేస్తాడు. లైబ్రరీ పుస్తకం ఒక రోజు ఆలస్యమైతే లాయరుకు ఫోన్ చేస్తాడు. అటువంటివాడి మెయిల్‌బాక్స్‌కి గూఢచారి శాఖ నుంచి కవరు.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆమెది వరంగల్, మాట సూటిగా వస్తుంది.

“దునియాల ఇంకెవ్వరి ఉత్తరాల డబ్బా దొరకలేదా ఆయనకు?”

“పాపం పెద్దాయన.”

“పెద్దాయనకు సిటిజన్‌షిప్ ఉన్నది. నీకేమున్నది?”

“నాకు మానవత్వం ఉంది.”

“దాంతోని వీసా స్టాంపింగ్ అయితదా?” అని, కాసేపటికి తనే అంది, “రాయి. కానీ నీ కథలు పెట్టకు దాంట్ల.”

పెట్టకుండా ఉంటానా? నాలుగు పేజీలు రాశాను. వార్డులో ఫినాయిలు వాసన, కిటికీ ఊచల మీద మంచు, ట్రే పట్టుకున్న చేతుల వణుకు, అన్నీ దట్టించాను. మర్నాడు బెంచీ మీద కూర్చోబెట్టి ఆయనకు వినిపించాను.

“ఇది ఉత్తరమా, హరికథా?” అన్నారు డాక్టర్‌గారు. “కిటికీలకు ఊచల్లేవు. ఇనప తీగల జాలీ. నా చేతులు వణకలేదు. వణికితే నాకీ బాధ ఉండేది కాదు. తీసెయ్.”

తీసేయగా తీసేయగా ఆరు వాక్యాలు మిగిలాయి. నేను జీవితంలో రాసినవాటిలో అంత చిన్నది మా ఇంటి పాలవాడికి రాసిన చీటీ కూడా కాదు. మా అబ్బాయి పెన్నుతో ఆయన సంతకం పెట్టారు. సంతకం గీత మీద పడలేదు, దాని కింద పడింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. నా ఉద్యోగం కూడా ఇదే బాపతు. ఒక మందుల కంపెనీకి కాంట్రాక్టరుగా పనిచేస్తున్నాను. కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు వాళ్లు ఒప్పుకున్నట్టు సంతకం చేశారో లేదో చూసే సాఫ్ట్‌వేర్ మాది. సమ్మతి పత్రం భగవద్గీత కన్నా పెద్దది. రోగి ఆఖరి పేజీలో సంతకం చేయడానికి పట్టే కాలాన్ని మా సిస్టమ్ కొలుస్తుంది. కొందరు మొత్తం గ్రంథాన్ని తొమ్మిది సెకన్లలో పారాయణ చేస్తారు. సంతకం పడగానే తెరమీద పచ్చ టిక్కు వస్తుంది, మేమంతా సంతోషిస్తాం. ఈ సంగతి డాక్టర్‌గారికి చెబితే, “మాకు ఆ తొమ్మిది సెకన్లు కూడా లేవు,” అన్నారు.

ఉత్తరం పోస్టు చేసిన మర్నాటి నుంచి నాకు లోకమంతా గూఢచారులే. మీటరు చూడటానికి వచ్చినవాడు మీటరును మరీ శ్రద్ధగా చూశాడు. ప్లంబరు వ్యాను ఎదురుగా మూడు రోజులుంది. మా ఆవిడ వెళ్లి కనుక్కుంటే, కింద ఇంట్లో నిజంగానే సింకు కారుతోంది. ఈ మధ్యలో ఆ ఆసుపత్రి సంగతీ కనుక్కున్నాను. ఎప్పుడో మూసేశారు, పడగొట్టారు, ఇప్పుడక్కడ ఇళ్లు కట్టి అమ్ముకుంటున్నారు. ఆ రాష్ట్రం ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకావిడ, అంత పాత కేస్‌షీట్లు ఉంచరని చాలా మర్యాదగా చెప్పి, ఇంకేమైనా సాయం చేయగలనా అని అడిగింది. డాక్టర్‌గారు ప్రతి ఉదయం నడకలో ఒకే మాట అడిగేవారు, “వచ్చిందా?” అని. రాలేదు సార్ అంటే, సరే అని బాతుల వైపు తిరిగేవారు. చలికాలం వెళ్లిపోయింది. మా చెరువు మంచు కరిగింది. ఆయన నడక బాగా నెమ్మదించింది.

కవరు ఏప్రిల్‌లో వచ్చింది. పల్చగా ఉంది. లోపల ఒకే కాగితం, ఏడు వరసలు. మీరు కోరిన రికార్డులు మాకు దొరకలేదు. అటువంటివి వేరే ఏవైనా ఉన్నాయనిగాని, లేవనిగాని మేము చెప్పజాలము. భవదీయులు.

మా ఆవిడ రెండుసార్లు చదివింది. “గిదేంది? వర్క్ అయిందా అంటే నువ్వు ఆఫీస్‌ల చెప్పేదే గదా ఇది,” అంది.

మర్నాడు బెంచీ దగ్గర డాక్టర్‌గారికి ఉత్తరం చదివి వినిపించాను. చదువుతూ చదువుతూ ఆఖరున నా అలవాటు కొద్దీ ఒక వాక్యం కలిపాను. మీరు పేర్కొన్న ఆసుపత్రికి మా పరిశోధనలతో ఏ సంబంధమూ లేదని మా రికార్డులు తెలుపుతున్నాయి, అని. చక్కటి సర్కారు ఇంగ్లీషులో, గొంతు బిగించి చదివాను. ఆయన మొహం విచ్చుకుంది. నా భుజం తట్టి, ఇన్నాళ్లకు గుండెల మీంచి బండ దిగిందయ్యా అన్నారు. ఇంటికి తీసుకెళ్లి కాఫీ ఇప్పించారు. ఆ వారమంతా హాయిగా నిద్రపట్టిందని ఆయన భార్య మా ఆవిడతో చెప్పింది. బాతులు కూడా మాకు దారి ఇచ్చాయి.

ఇదుగో, ఇక్కడ చెప్పాలి. చంద్రోదయం గంటంపావు కాదు, నలభై నిమిషాలు. బాతులు మేకపోతులంత ఉండవు, కోడిపుంజు కన్నా కాస్త పెద్దవి. ఫైర్ అలారానికి గరిటెతో బయటికొచ్చింది నేనొక్కణ్ణే. అవన్నీ పెంచినవి, పుట్టించినవి కావు. పుట్టించింది పై పేరా ఒక్కటే. అందులో వాక్యం కలిపి చదివిన మాట నిజం. ఆయన మొహం విచ్చుకోవడం దగ్గర్నుంచి నా సృష్టి. మీకు అనుమానం రాలేదంటే, పెంచకుండా మామూలుగా రాశాను కనుక రాలేదు.

జరిగింది ఇది. నేను చదవడం ఆపాక డాక్టర్‌గారు చెయ్యి చాపారు. “ఆఖరున చదివావే, ఆ వాక్యం మీద నా వేలు పెట్టు,” అన్నారు.

ఆయన వేలు పట్టుకున్నాను. కాగితం మీద ఎక్కడ పెట్టినా ఆయనకు తెలిసేది కాదు. మూడో వరస మీదకు తెచ్చాను, అయిదో వరస మీదకు తెచ్చాను. పెట్టలేకపోయాను.

“లేదు కదూ.”

“లేదు సార్.”

“మరెందుకు చదివావు?”

“మీకు కాస్త నిద్ర పడుతుందని.”

“ఆ వార్డులో నేనూ చాలామందిని నిద్రపుచ్చానయ్యా,” అన్నారు. కోపంగా అనలేదు. “మళ్లీ మొదట్నుంచి చదువు. ఉన్నదే చదువు.”

చదివాను. ఏడు వరసలు ఎంతసేపు పడతాయి? ఆయన ఇంకోసారి చదవమన్నారు. చదివాను. తర్వాత కాగితాన్ని మళ్లీ మడిచి కవరులో పెట్టించారు.

“అయితే ఇంక అడగడానికి ఎవరూ లేరు,” అన్నారు.

“అప్పీలు చేయొచ్చు సార్. తొంభై రోజుల్లో...”

“నాకు ఎనభై నాలుగయ్యా. ఇంకెవరి సంతకం కోసం కూర్చోను?” జేబులోంచి ఫోన్ తీసి నా చేతికిచ్చారు. “మా అమ్మాయికి కలుపు.”

“ఏం తెలిసిందని చెబుతారు సార్?”

“తెలియలేదని చెబుతాను. ఇచ్చింది నేనే అన్నది తెలుసుగా.”

కలిపి, స్పీకరు పెట్టి ఆయన చేతిలో పెట్టాను. రెండు రింగులకే ఎత్తింది.

“హాయ్ నాన్నా, నాకు క్లినిక్ ఉంది, ఈవెనింగ్ కాల్ చేస్తాను, ఓకే?”

“వద్దమ్మా. ఇప్పుడే విను.”

“ఆర్ యూ ఓకే? అమ్మ ఓకేనా?”

“అందరం బాగానే ఉన్నాం. ఒక పేషెంట్ గురించి చెప్పాలి.”

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది. “చెప్పు నాన్నా,” అంది.

నేను లేచి బాట మీదకు వచ్చేశాను. ఏం చెప్పారో, ఎలా మొదలుపెట్టారో నాకు తెలియదు. ఆ అమ్మాయి ఏమందో కూడా తెలియదు, తర్వాత అడగలేదు. చెరువు చుట్టూ ఒక రౌండు నడిచి వచ్చేసరికి ఆయన ఫోను ఒళ్లో పెట్టుకుని, దాని మీదకు వంగి ఇంకా మాట్లాడుతున్నారు. బెంచీ దాకా వెళ్లకుండా వెనక్కి తిరిగి, ఇంకో రౌండు మొదలుపెట్టాను.